స్టేజీ మీద నవ్వించుడే నమ్ముకుంటే ఇల్లు గడుస్తదా?

ఎనుమాముల గుమాస్తా:

అందరికి నమస్తే. మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల లెక్కలు రాస్త. కాలేజీల ఉన్నప్పటి నుంచి నాటకాల పిచ్చి. మా టీంల అందరు కొలువులు చేసుకునేటోళ్లే. రాత్రి దుకాణాలు కట్టేసినంక ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద రిహార్సల్ నడుస్తది.

మొన్న పబ్లిక్ గార్డెన్ల నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంల మా హాస్య నాటిక పడ్డది. నాది పెండ్లిళ్ల పేరయ్య వేషం. ఉండేది రెండే సీన్లు. సంచిలకెల్లి పెండ్లికొడుకుల ఫొటోలు ఒక్కొక్కటి తీసి పిల్ల తండ్రికి చూపియ్యాలె. ఫొటోల నడుమ మా ఇంటి కరెంటు బిల్లు చేతికొచ్చింది. దాన్నే మర్యాదగ ఆయన ముందట పెట్టిన. స్క్రిప్టుల లేని ముచ్చట. హాలంత పడి పడి నవ్వింది.

ఆ నాటిక అయినంక రెండు పిలుపులొచ్చినయి. ఒకటి హైదరాబాద్‌ల టీవీ స్కిట్లు చేసే టీం నుంచి, వచ్చి చూడుమన్నరు. ఇంకోటి తెనాలి దిక్కు నాటక సమాజం వాళ్లది. ఈ సీజన్ పరిషత్తులకు, అంటే నాటిక పోటీలకు, వాళ్ల హాస్య నాటికల నన్ను వేషం కట్టమంటున్నరు. చిక్కేందంటే మిర్చి సీజన్, పరిషత్తుల సీజన్ ఒక్కసారే పడతయి. మార్కెట్ల మిర్చి బస్తాలు నిలబడ్డప్పుడు మా సేటు ఒక్క పూట గూడ సెలవియ్యడు. అంటే కొలువు ఇడిసిపెట్టాలె.

నా అనుమానాలు మూడు. స్టేజీ కామెడీ మీద బతకొచ్చా? ఒకసారి కమెడియన్ అని ముద్ర పడితే జిందగీ అంత రెండు సీన్ల వేషాలేనా? మూడోది, తెనాలి ఆయన ఫోన్ల “మీ యాస కామెడీకి భలే ఉంటుందండీ” అన్నడు. దానికి సంబురపడాల్నో ఏమనుకోవాల్నో సమజైతలేదు. అనుభవం ఉన్నోళ్లు చెప్పున్రి.


మానేరు గట్టు:

అన్నా, టీవీ స్కిట్ల సంగతి నేను చెప్త. మా కరీంనగర్ నుంచి పోయిన సోపతిగాళ్లు ఉన్నరు. ఈటీవీల జబర్దస్త్ 2013ల మొదలైన కాడికెల్లి మన దిక్కు ఊరికొక్క పిల్లగాడు హైదరాబాద్‌ల సినిమావాళ్లుండే కృష్ణానగర్ల రూము తీసుకున్నడు. సిరిసిల్ల వేణు ఎల్దండి ఆ స్కిట్లు చేసి చేసి, 2023ల బలగం సినిమాకు డైరెక్టర్ అయ్యిండు. అందరు ఆయన పేరే చెప్తరు. ఆయన ఎనుక రూము కిరాయి కట్టలేక తిరిగొచ్చినోళ్ల పేర్లు ఎవ్వరు చెప్పరు.

ఒక్కటి యాది పెట్టుకో. అక్కడ యాక్టింగ్ ఒక్కటే వస్తే సరిపోదు. స్కిట్ రాసేటోనికే గిరాకి. ప్రతి షెడ్యూలుకు కొత్త ముచ్చట కావాలె. నాటికల నువ్వు ఒక్క వేషాన్ని ఏడాది పొడుగు చెక్కుకుంటవు. అక్కడ ఒక్కసారి చేసినంక అది అయిపోయినట్టే. నువ్వు రాస్తవా? రాస్తే పో. లేకుంటే ఆలోచించుకో.


రిటైర్డ్ నక్షత్రకుడు:

బిడ్డా, నేను కరెంటాఫీసుల బిల్లులు రాసి రిటైరైనోన్ని. కాబట్టి నీ బిల్లు ముచ్చట నాకు బాగ నచ్చింది. అయితే దాని మీద నీతోటి కొంచెం కొట్లాట గూడ ఉంది, అది తర్వాత.

ముందుగాల కొలువు ముచ్చట. నవ్వించి పేరు తెచ్చుకున్నోళ్లను ఒక్కసారి చూడు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకుల కొలువు చేసుకుంట నాటకాలాడిండు. బ్రహ్మానందం అత్తిలిల లెక్చరరు. ఎమ్మెస్ నారాయణ భీమవరంల లెక్చరరు. జయప్రకాశ్ రెడ్డి లెక్కల సారు. కొండవలస లక్ష్మణరావు విశాఖ పోర్టుల ఉద్యోగి. కన్యాశుల్కంల రామప్పపంతులు వేసిన జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖల ఉన్నడు. తర్వాత వీళ్లందరికి సినిమా అన్నం పెట్టింది. దానికి ముందుగాల పెట్టింది నౌకరి. ఆ నడుమ నాటకం పెట్టిందేంది? నేర్పింది, అంతే. జీతం ఉంది కాబట్టి నచ్చని వేషం వద్దనే ధైర్యం వాళ్లకుండె. పొద్దుగాల ఇంట్ల బియ్యం లేకుంటే నాటకం ఆడించే కంట్రాక్టరు ఏ వేషం అంటే ఆ వేషం కట్టాల్సిందే.

ఇగ ఎందుకు గడవదో చెప్త. నువ్వు నాటిక ఆడిన హాలు ఎవరి పేరు మీద ఉంది? నేరెళ్ల వేణుమాధవ్ మన మనిషి, 1932ల ఇక్కడ పుట్టినోడు. 1971ల ఐక్యరాజ్య సమితిల మిమిక్రీ చేసిండు, 2001ల పద్మశ్రీ వచ్చింది. ఆయనకు కావల్సింది ఒక్క మైకు. పెండ్లికి పిలిస్తే పోవచ్చు, స్కూలు వార్షికోత్సవానికి పోవచ్చు, అమెరికాకు పోవచ్చు. గొంతు జేబుల పెట్టుకొని తిరిగినట్టు. నాటకంల నవ్వించేటోనికి ఆ వీలు లేదు. నీ పేరయ్య ఒక్కడే పోయి పెండ్లి మంటపంల సంచి తెరిస్తే ఎవడు నవ్వుతడు? ఎదురుంగ పిల్ల తండ్రి కావాలె, ఆయన మొఖంల ఆశ కావాలె, లోపల పిల్ల తలుపు సందుల నుంచి చూడాలె. నీ నవ్వుకు ఇంకో నలుగురు, హాలు కిరాయి, సెట్టు, లైట్లు, మేకప్ ఆయన, వ్యాను. పరిషత్తుల బహుమతి వచ్చినా ఆ పైసలు వ్యానుకు, తిండికే సరిపోతయి. నాటకంల పైసలు ఎందుకు లేవంటే ఇదే. అన్యాయం ఎవరూ చెయ్యలే, లెక్కే గట్లుంది. నువ్వు లెక్కలు రాసేటోనివి, నీకు నేను చెప్పేదేముంది.

ఇప్పుడు రెండో అనుమానం, రెండు సీన్ల వేషాలు. దీని మీద నాకు మస్తు పట్టింపుంది. హీరో వేషానికి వయసు గండం. జుట్టు ఊడితే పోయింది. హాస్యగానికి వయసొచ్చిన కొద్ది వేషాలు పెరుగుతయి. ఒక్క కన్యాశుల్కమే తీసుకో. 1892ల మొదటిసారి ఆడిన్రు, 1909ల గురజాడ పెంచి మళ్ల రాసిండు. మొత్తం ఆడాలంటే గంటలకు గంటలు పడతది, అందుకే కోసుకొని ఆడుతరు. మీసం రానప్పుడు నువ్వు వెంకటేశం, లేకుంటే ఆడపిల్ల వేషం కట్టే శిష్యుడు మహేశం. ఇరవై ఐదు దాటితే గిరీశం. పొట్ట వస్తే రామప్పపంతులు. గొంతుల గరగర వస్తే అగ్నిహోత్రావధాన్లు. పండ్లు ఊడినంక లుబ్ధావధాన్లు. ఒక్క నాటకంల ఒక మనిషి జిందగీ అంత కొలువు చెయ్యొచ్చు. కరటకశాస్త్రిని మర్చిపోకు. కథల ఆయన పనే నాటకాలల్ల విదూషకం. పిల్లను ముసలోనికి అమ్మే పెండ్లిని ఆపే ఉపాయం పన్నింది ఆ విదూషకుడే, గిరీశం కాదు. గురజాడ ఊకనే పెట్టలే అని నాకెప్పుడూ అనిపిస్తది.

మన దిక్కు ఆటలల్ల గూడ అంతే. బుర్రకథల కథకునికి ఒకదిక్కు రాజకీయ వంత, ఇంకో దిక్కు హాస్య వంత. హాస్య వంత లేకుంటే కథ నిలవడదు. చిందు యక్షగానంల బుడ్డర్‌ఖాన్ రాకుంటే పొద్దుమీకి కూసున్న జనం తెల్లారేదాక ఉండరు. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ ఇచ్చిన్రు. ఆ మేళాలు చూడు, నవ్వించేటోడు ఆటంతా నోటికి వచ్చినోడై ఉంటడు. ఎవరన్న మాట మర్చిపోతే అందుకునేది ఆయనే.

నేను హరిశ్చంద్రల నక్షత్రకున్ని. బాకీ వసూలుకు విశ్వామిత్రుడు ఎంట పంపిన శిష్యుడు. దారి పొడుగు హరిశ్చంద్రున్ని సతాయించాలె. ఆ వేషంల కష్టం మాట కాదు, మాట లేనప్పుడే. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటడు. రాగం తీస్తడు. జనం వన్స్‌మోర్ అంటరు. మళ్ల పాడతడు. అంతసేపు నువ్వు పక్కన నిలబడి ఏం చేస్తవు? ఖాళీ మొఖం పెడితే శవం లెక్క ఉంటది. చేతులు ఊపుకుంట నవ్విస్తే ఆయన పద్యం పాయె. నేను ఏం చేసేదంటే, పద్యం మొదట్ల విసుగు, నడుమ వినకుండ ఉండలేకపోవుడు, ఆఖర్ల విన్నందుకు సిగ్గు. మూడు ముక్కలు. ఇవి ఎవరూ చెప్పలే, హరిశ్చంద్రుడు వేసే ఆయన ఒకసారి గ్రీన్‌రూముల “నా పద్యంల నువ్వేం జేస్తున్నవో నాకు కనపడదు గని, జనం ఎటు చూస్తున్నరో కనపడతది” అన్నడు. ఆయన మాటతోటి అన్నీ తగ్గించుకుంట తగ్గించుకుంట ఆడికొచ్చిన. ఆ తర్వాత ఎక్కడ కంట్రాక్టు కుదిరినా నక్షత్రకుడు నేనే కావాల్నని ఆయనే అడిగేటోడు. హాస్యగానికి పిలుపు జనం నుంచి రాదు బిడ్డా, పక్క నటుని నుంచి వస్తది.

ఇగ నీ కరెంటు బిల్లు. నవ్విన్రు, బాగుంది. ఆ నవ్వుల పిల్ల తండ్రి ఏం మాట అన్నడు? కథకు ఆ మాట ముఖ్యమైతే అది హాలుకు వినపడలే. ఆ నవ్వు ఉంచుకో, కాని రిహార్సల్ల పెట్టు. ఆయనను కండ్లద్దాలు పెట్టుకొని బిల్లు చదవమను, పోయిన నెలది ఇంక కట్టలేదా అని అడగమను. సగం నవ్వు ఆయనకు పోతది, సీను ముందుకు నడుస్తది. నవ్వు పూర్తిగ చల్లారేదాక ఆగకు, సగం దిగంగనే తర్వాత మాట అందుకో. హ్యాంగింగ్ మైకు ఉన్న హాలుల ఇంకొంచెం ఆలస్యం చెయ్యాలె, ఎందుకంటే ఆ మైకు నీ మాట కన్న ముందుగాల జనం నవ్వును పట్టుకుంటది.

స్క్రిప్టుల లేని మాటలకు జనం అలవాటైతే ఏమైతదో చింతామణి నాటకం చూడు. అందుల వైశ్య షావుకారు సుబ్బిశెట్టి వేషం ఒక్కటే పట్టుకొని ఏండ్ల కొద్ది బతికిన హాస్యనటులున్నరు. కాళ్లకూరి నారాయణరావు రాసింది వేశ్యల ఇండ్ల ఎంట పడి ఆస్తులు పోగొట్టుకునుడు తప్పని. స్టేజీ మీద ఒకనికన్న ఒకడు పచ్చి మాటలు కలుపుకుంట పోయిన్రు. మమ్ములను కించపరుస్తున్నరని ఆర్యవైశ్యులు మొర పెట్టుకున్నరు. 2022 జనవరిల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం సరైందా కాదా అన్నది వేరే పంచాయితి, నాకైతే నచ్చలే. కాని ఆ ఒక్క వేషం తప్ప ఇంకోటి నేర్చుకోనోని సంగతి ఆలోచించు.

తెనాలికి పో. సీజన్ మొత్తం ఒప్పుకోకు. మీ సేటుకు ముందే చెప్పి, శని ఆదివారం పడే పోటీలు రెండో మూడో ఒప్పుకో. ఒప్పుకునే ముందు నీ మాటలున్న కాగితాలు కాదు, నాటిక మొత్తం పంపుమను. నీ సీను ఎవరి కష్టం ఎనుక వస్తుందో తెల్వకుంట నవ్వించుడు కుదరదు.


గ్రీన్‌రూమ్ అక్క:

పెద్దాయన చెప్పినవన్నీ నిజమే, ఒక్కటి తప్ప. నాటకంలో ఎవరికీ డబ్బులు రావు అనేది మగవాళ్ల మాట. మాకొస్తాయి. పరిషత్తు నాటికల్లో మగవాళ్లు చేతి డబ్బు పెట్టుకుని ఆడతారు, ఆడ వేషాలకు మాత్రం మమ్మల్ని పారితోషికం ఇచ్చి పిలుచుకుంటారు. కాజీపేటలో రైలెక్కి ఒక ఊళ్లో ఒక సమాజం తరఫున కోడలి వేషం, మర్నాడు ఇంకో ఊళ్లో ఇంకో సమాజానికి అత్త వేషం వేసి వస్తాను. ఒకే సీజన్‌లో నాలుగైదు నాటికల మాటలు బుర్రలో ఉండాలి. చివరి రెండు రిహార్సల్స్‌కే నన్ను పిలుస్తారు. దారి ఖర్చు, తిండి, బస వాళ్లవే. తెర లేవక ముందే నా డబ్బు నా చేతిలో పడాలి. మొహమాటపడితే “అక్కా, బహుమతి వచ్చాక చూద్దాం” అంటారు.

తమ్ముడూ, నువ్వు కూడా అడుగు. తెనాలి వాళ్లు నిన్ను బయటినుంచి పిలుస్తున్నారు, వాళ్ల టీంలో మనిషివి కావు. మగవాళ్లు అడగడానికి సిగ్గుపడతారు, కళాసేవ అని ఒక మాట అడ్డం పెట్టుకుంటారు. కనీసం రాను పోను చార్జీలు, బస, భోజనం, మేకప్ సామాను ఎవరిదో ఫోన్‌లోనే తేల్చుకో. ఎంత ఇస్తారని కూడా అడుగు. చిన్న మొత్తమైనా ఫర్వాలేదు. ఒకసారి ఊరికే వెళ్తే మళ్లీ ఎప్పుడూ ఊరికే పిలుస్తారు.

హాస్యం ఆడవాళ్లకు ఇంకో రకం చిక్కు. రాసేవాళ్లకు ఆడ కామెడీ అంటే గయ్యాళి పెళ్లాం ఒక్కటే గుర్తొస్తుంది. అరవడం, అప్పడాల కర్ర పట్టుకోవడం. నేను మెల్లగా మాట్లాడే గయ్యాళిని చేస్తాను. గొంతు ఎంత తగ్గిస్తే మొగుడి వేషం వేసినాయన అంత వణకాలి. డైరెక్టర్లు మొదట ఒప్పుకోరు, మైకుకు అందదంటారు. ఒక్క ప్రదర్శన అయ్యాక ఇక ఏమీ అనరు. హీరోయిన్‌గా మొదలుపెట్టినవాళ్లు నలభై దాటాక ఇంట్లో కూచుంటారు. నేను తిరుగుతూనే ఉన్నాను.

యాస గురించి. తెలంగాణ శకుంతల పుట్టింది మరాఠీ ఇంట్లో. స్టేజీ మీద నుంచే వచ్చింది. తెలంగాణ మాటతోనే పేరు, ఇంటిపేరు రెండూ సంపాదించుకుంది. ఆమె ఆ మాటను నవ్వులాటకు కాదు, ఎదుటివాణ్ని భయపెట్టడానికి వాడింది, అందుకే నవ్వొచ్చింది. తెనాలి నాటికలో నీ వేషానికి తెలివి ఉందా లేదా చూసుకో. తెలివి తక్కువ నౌకరు ఒక్కడే మన యాస మాట్లాడి, మిగతా అందరూ పుస్తకం భాష మాట్లాడితే వద్దని చెప్పు.


ఒంటరి మైకు:

పెద్దాయనకు నమస్కారం. ఒక్క విషయంలో ఒప్పుకోను. స్టేజీ మీద నవ్వించేవాడు ఒక్కడే వెళ్లలేడు అన్నారు. జయప్రకాశ్ రెడ్డి గారు ‘అలెగ్జాండర్’ ఒక్కరే ఆడారు కదా? రిటైర్డ్ మేజర్, హెల్ప్‌లైన్ ఫోన్లు, స్టేజీ మీద ఇంకో మనిషి లేడు. సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా ఆ ఒక్క నాటకం పట్టుకుని ఊళ్లు తిరిగారు. హైదరాబాద్‌లో ఇప్పుడు తెలుగు స్టాండప్ కామెడీ కూడా నడుస్తోంది. నలుగురి వ్యాను ఖర్చు ఎందుకు, ఒక్కడికి సరిపడా నాటకం రాయించుకుంటే పోలా?


రిటైర్డ్ నక్షత్రకుడు:

రాయించుకో నాయినా, ఎవరొద్దన్నరు. కాని ఆ నాటకంల ఆయన ఒక్కడే ఉన్నడని నువ్వు అనుకుంటున్నవు. ఫోన్ల అవతల మనుషులు ఉన్నరు. వాళ్లు జనానికి అగుపించాలంటే ఆయన చెవి పని చెయ్యాలె, మొఖం పని చెయ్యాలె. పక్క మనిషి మాట విని బదులు చెప్పుడు ఏండ్ల కొద్ది చేసినోడు గనుక, పక్కన ఎవ్వరు లేకున్నా ఉన్నట్టు చేయగలిగిండు. మొదటి రోజే ఒంటరిగ మొదలుపెడితే నీ మాట నువ్వే వింటవు. స్టాండప్ సంగతి నేను చూడలే, కాబట్టి మాట్లాడ.


ఎనుమాముల గుమాస్తా:

కాకా, అక్కా, అందరికి దండాలు. తెనాలి వాళ్లకు ఫోన్ చేసిన. స్క్రిప్టు మొత్తం పంపుతమన్నరు. చార్జీలు అడిగితే ఒక నిమిషం మాట్లాడలే, తర్వాత సరే అన్నరు. సేటు రెండు ఆదివారాలకు ఒప్పుకుండు, మూడోది బస్తాల రాక చూసి చెప్తనన్నడు. టీవీ వాళ్లకు ఇప్పుడే కాదని చెప్పిన, నాకు రాసుడు రాదు.

ఇంకొక్క అడుగుడు. కాకా, మీరు చెప్పినంక గిరీశం వేషం మీద మనసు పడ్డది. అది విజయనగరం మాట. వరంగల్ల పుట్టినోడు దాన్ని చేస్తే జనం ఒప్పుకుంటరా? మన యాసలకు మార్చుకోవచ్చా?


రిటైర్డ్ నక్షత్రకుడు:

మార్చకు. గిరీశం మాటల సగం ప్రాణం ఆ ఊరిదే. అటు దిక్కోళ్లు మన మాట నేర్చుకోకుంట ఆడితే మనకెట్ల మండుతదో, మనం వాళ్ల మాట మార్చితే వాళ్లకు గట్లనే మండుతది. నేర్చుకో, ఆరు నెలలు పట్టినా ఫర్వాలేదు. నీ నాలుక తిరిగిందో లేదో చూసుకోవాలంటే వరంగల్ ఆకాశవాణి డ్రామా ఆడిషన్ ఎప్పుడు పెడతరో కనుక్కొని రాయి. అక్కడ మొఖం, సంచి, బిల్లు ఏదీ పనికిరాదు, గొంతు ఒక్కటే.

మన యాసల హాస్యం కావాలంటే కొత్తగ రాయించుకోవాలె. ఈ ముచ్చట చదివేటోళ్లల్ల రాసేటోళ్లు ఉంటే చెప్పున్రి. గంట లోపు నాటిక, ఒక్కటే సెట్టు, ఆడ వేషాలు రెండుకు మించొద్దు (అక్క పైసల ముచ్చట విన్నరు కదా), తాగుబోతు వేషం అసలే వద్దు. పేరయ్య లెక్క పనిమంతుడు ఒకడుండాలె, వాడు మన మాట మాట్లాడాలె, కథల అందరికన్న తెలివి వానికే ఉండాలె. చదివి చెప్పుడు నా పని, పైసలు అడగ.